మెకానిక్ ఒకటి, బావ ఒకటి, పుస్తకం ఒకటి: గేర్‌బాక్స్‌లో ఏ ఆయిల్ పోయాలి?

కావలి దగ్గర పల్లె నుంచి ఒక లెక్చరర్ ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. రోజూ ఒంగోలులో కాలేజీకి కారులో వెళ్లొస్తారు. ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు మీదుగా హైవే ప్రయాణం. కారు 2014 మోడల్, పెట్రోల్, ఐదు గేర్లు, ముందు చక్రాలు లాగే రకం. మామగారు కొన్నది, ఇప్పుడు ఎక్కువగా ఈమె చేతిలోనే ఉంటోంది.

మొన్న తుఫాను వానలకు ఊరి బయట చప్టా మీద నీళ్లు పారుతుంటే, బంపరు మునిగే లోతులో దాటించాల్సి వచ్చిందట. కొన్ని వారాలకు గేర్లలో ఏదో తేడా అనిపించి ఊళ్లో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన మామగారి స్నేహితుడు. వయసులో ఉన్నప్పుడు జీపులు, లారీలు విప్పి బిగించిన చెయ్యి, ఇప్పుడు రొయ్యల చెరువుల ఏరియేటర్ల గేర్‌బాక్సులు కూడా చూస్తుంటారు. గేర్ ఆయిల్ దించితే పాలు ఎక్కువైన టీ రంగులో వచ్చింది. అది తీసేసి, తన దగ్గరున్న డబ్బాలోంచి ‘తొంభై’ ఆయిల్ (90 గ్రేడు చిక్కదనం ఉన్నది) పోసి పంపారు. డబ్బులిస్తే తీసుకోలేదు.

అప్పటినుంచి పొద్దున ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు రెండో గేరు పడనంటోంది. బలవంతం చేస్తే గర్రుమంటుంది. హైవే ఎక్కి ఉలవపాడు వచ్చేసరికి సర్దుకుంటుంది. టంగుటూరు టోల్‌గేటు దగ్గర స్లో చేసి రెండుకు దించితే ఏ పేచీ లేకుండా పడుతుంది. రివర్సు కూడా అప్పుడప్పుడు అరుస్తోంది.

ఇంట్లో ఎవరి మాట వాళ్లది. భర్త: “నేను నడిపితే బాగానే ఉందే, నీకు క్లచ్ పూర్తిగా నొక్కడం రావట్లేదు.” ఆయన నడిపేది ఈమె కాలేజీ నుంచి వచ్చాక, సాయంత్రం పూట. ఒంగోలులో ఉండే బావగారు, పెద్ద బండి ఆయనది: “ఆ నాటు ఆయిల్ తీసేయ్, సింథటిక్ 75డబ్ల్యు-90 జీఎల్-5 పోయించు, నా బండికి అదే.” (75, 90 లాంటి అంకెలు చిక్కదనం గ్రేడులు, జీఎల్ అంటే ఆయిల్‌ను ఏ పనికి చేశారో చెప్పే తరగతి.) ఒక సర్వీస్ సెంటర్‌లో చూపిస్తే గేర్‌బాక్స్ దించాలి, నలభై వేలు దాటుతుందన్నారు. మెకానిక్ పెద్దాయన మాత్రం “తొంభైని మించిన ఆయిల్ ఏముందమ్మాయ్, లారీలే దాని మీద నడిచాయి. మన ఎండలకు పలచన ఆయిల్ ఆగదు” అంటున్నారు. కారుతో వచ్చిన పుస్తకంలో 75డబ్ల్యు-80, జీఎల్-4 అని ఉంది. ఆ పేజీ ఫోటో కూడా జత చేశారు. పెద్దాయన్ని కాదని వేరే చోటికి వెళ్తే మామగారు చిన్నబుచ్చుకుంటారు. “ఏ ఆయిల్ పోయించాలి? అసలు తప్పు కారుదా, నాదా?” ఇదీ ప్రశ్న.

సమాధానం

అమ్మా, ముందు ఆ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన వాక్యం టంగుటూరు టోల్‌గేటుది. క్లచ్ నొక్కడం రాని మనిషికి పొద్దున రాకపోతే టోల్‌గేటు దగ్గరా రాదు. కాలు అదే, పెడల్ అదే, మధ్యలో మారింది ఆయిల్ వేడి ఒక్కటే. మీవారు కారు తీసుకునేసరికి మీరు దాన్ని ఒంగోలు నుంచి నడుపుకొచ్చి ఉంటారు, గేర్‌బాక్స్ కాగి ఉంటుంది. ఆయన చెప్పేదీ అబద్ధం కాదు, ఆయన చేతిలో అది బాగానే పడుతుంది. ఒక్కరోజు పొద్దున్నే, మీరు ముట్టుకోకముందు, తాళం ఆయన చేతికే ఇవ్వండి. వాదన అక్కడితో సరి.

అయినా క్లచ్‌ని పూర్తిగా వదిలేయకూడదు. మీ పెడల్ బాగానే నొక్కినా లోపల ప్లేటు విడివడకపోతే ఇవే లక్షణాలు వస్తాయి. ఇంట్లోనే చూసుకోవచ్చు. పొద్దున ఇంజన్ స్టార్ట్ చేసి, బండి కదలకుండా, క్లచ్ అడుగంటా నొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి అప్పుడు రివర్సు వేయండి. చాలా కార్లలో రివర్సుకు సింక్రోమెష్ (గేర్ల వేగాలు కలిపే ఏర్పాటు) ఉండదు, కాబట్టి తొందరపడి వేస్తే అరవడం మామూలే. ఆగి వేసినప్పుడు నిశ్శబ్దంగా పడితే క్లచ్ విడుస్తోందన్నమాట. అంతసేపు ఆగాక కూడా గర్రుమంటే ఆయిల్ జోలికి వెళ్లకముందు క్లచ్ చూపించండి, కేబుల్ అడ్జస్ట్‌మెంట్‌తోనే పోవచ్చు.

మీరు రాసినదాన్ని బట్టి నాకు అనుమానం ఆయిల్ మీదే. ఎందుకో చెబుతాను. ఇది తెలిస్తే మీకు సలహా చెప్పినవాళ్లలో ఎవరి మాట ఎంతవరకు నిజమో మీకే తేలుతుంది.

మీరు ఒకటి నుంచి రెండుకు మార్చేటప్పుడు లోపల రెండు భాగాలు వేర్వేరు వేగాల్లో తిరుగుతుంటాయి. అవి ఒక వేగానికి వస్తేనే గేరు పడుతుంది. ఆ పని చేసేది ఇత్తడి రింగు. లివరు నెట్టగానే అది ఎదుటి కోన్ మీద ఒరుసుకుని, ఆ రాపిడితో వేగాలు కలుపుతుంది. ఇక్కడే ఉంది చిక్కంతా. ఒకే ఆయిల్ రెండు వ్యతిరేకమైన పనులు చేయాలి. గేరు పళ్ల మధ్య జారాలి, రింగు దగ్గర మాత్రం జారకూడదు, పక్కకు తప్పుకుని పట్టు దొరకనివ్వాలి. నూనె చేత్తో ఊరగాయ జాడీ మూత తిప్పితే ఎలా ఉంటుందో, ఆయిల్ మరీ చిక్కగా ఉన్నా, మరీ జారుడుగా ఉన్నా ఆ రింగుకు అలా ఉంటుంది. వేగాలు కలవకముందే మీరు లివరు నొక్కితే గర్రుమని వినిపిస్తుంది.

ఇప్పుడు పెద్దాయన పోసిన తొంభై చూడండి. 100 డిగ్రీల వేడిలో 80 గ్రేడు గేర్ ఆయిల్ చిక్కదనం 7 నుంచి 11 సెంటీస్టోక్స్ (చిక్కదనానికి కొలత) మధ్య ఉంటుంది. 90 గ్రేడుది 13.5 నుంచి 18.5. కాగాక ఆ తేడాతో కారు ఎలాగో సర్దుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు తేడా ఇంకా పెరుగుతుంది, చాలా తొంభై ఆయిల్స్ పొద్దున పూట మీ పుస్తకం చెప్పినదానికి రెట్టింపు పైనే చిక్కగా ఉంటాయి. ‘మనకు చలెక్కడిది, ఆ డబ్ల్యు మనకెందుకు’ అని చాలామంది నన్నడుగుతారు. నిజమే, 75 పక్కనున్న డబ్ల్యు చలి దేశాల కోసం పెట్టిన కొలతే. కానీ గేర్‌బాక్స్ పని చేసే వేడితో పోలిస్తే మన పొద్దుటి పాతిక డిగ్రీలు కూడా చలే.

(మాటల్లో మాట. గేర్ ఆయిల్ 80, 90 అంకెల్ని ఇంజన్ ఆయిల్ 30, 40లతో పోల్చకండి. రెండు కొలబద్దలూ వేరు. గేర్ ఆయిల్ 90 చిక్కదనం ఇంజన్ ఆయిల్ 40, 50ల దరిదాపుల్లోనే ఉంటుంది.)

‘మన ఎండలకు ఆగదు’ అన్న మాటలో కొంచెం పస ఉంది, కాదనను. కొన్ని కార్ల పుస్తకాల్లో వాతావరణాన్ని బట్టి రెండు మూడు గ్రేడులు పట్టికగా ఇస్తారు, వేడి ప్రాంతాలకు 80డబ్ల్యు-90 కూడా ఒప్పుకుంటారు. మీ ఫోటోలో అలాంటి పట్టిక లేదు, ఒకే గ్రేడు ఉంది. వెనక పేజీలు కూడా ఒకసారి తిరగేయండి. లేకపోతే బయట 30 డిగ్రీలున్నా నెల్లూరు మే నెల ఎండ ఉన్నా ఆ ఒక్క గ్రేడుతోనే నడవాలని కంపెనీ లెక్కేసిందని అర్థం.

పెద్దాయన చేసిన పనిలో సగం నిజంగా మంచి పని. ఆ టీ రంగు ఆయిల్ అంటే అందులో నీళ్లు కలిశాయి. గేర్‌బాక్స్ పైన గాలి పీల్చుకునే చిన్న గొట్టం ఉంటుంది. కాగి ఉన్న పెట్టె ఒక్కసారిగా నీళ్లలో మునిగి చల్లబడితే లోపలి గాలి కుంచించుకుని, ఆ దారినో, సీళ్ల పక్కనుంచో నీళ్లను లోపలికి లాగుతుంది. అలాంటి ఆయిల్ మీద ఇంకో ఆర్నెల్లు నడిపి ఉంటే బేరింగులకు తుప్పు పట్టేది. ఆయన దించబట్టి అది తప్పింది. ఆ మాట మామగారి ముందు గట్టిగా చెప్పండి.

ఆయన పోసిన ఆయిల్ మాత్రం ఆయన చేతికి అలవాటైన బండ్లకు సరిపోయేది. బావగారి సంగతీ అంతే, కాకపోతే ఆయన పొరపాటు వేరే వైపు. జీఎల్-5 అనేది జీఎల్-4 కంటే ఒక మెట్టు పైనున్న మంచి ఆయిల్ కాదు, వేరే పనికి చేసిన ఆయిల్. వెనక చక్రాలు నెట్టే బండ్లలో వెనక ఇరుసు మీద డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకు బలం పంచే గేర్ల పెట్టె, ఉంటుంది. చాలావాటిలో దాని పినియన్ (చిన్న గేరు) పెద్ద గేరు మధ్య గీతకు కిందుగా కూర్చుని, పళ్లు దొర్లుతూనే గట్టిగా ఒరుసుకుంటాయి. దాన్ని హైపాయిడ్ గేరు అంటారు. ఆ రాపిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది. అందుకే జీఎల్-5లో గంధకం, భాస్వరం ఉన్న మందులు జీఎల్-4 కంటే దాదాపు రెట్టింపు కలుపుతారు. బావగారి బండి వెనక చక్రాలు నెట్టేదైతే ఆ ఇరుసులో ఆ ఆయిల్ పోయడం నూటికి నూరుపాళ్లు సరైనదే. మీ కారులో ఇంజన్ అడ్డంగా కూర్చుంటుంది, గేర్‌బాక్సూ డిఫరెన్షియలూ ఒకే పెట్టెలో ఉంటాయి, లోపల హైపాయిడ్ పళ్లు ఉండవు. అంటే ఆ అదనపు మందుతో మీకు పని లేదు. పైగా ఆ జారుడుతనం రింగు పట్టును తగ్గిస్తుంది, వేడిలో ఆ గంధకం ఇత్తడిని తినే అవకాశమూ ఉంది. ఇప్పుడొచ్చే జీఎల్-5లలో కొన్ని ఇత్తడికి అంత కీడు చేయవు, పోసిన మర్నాడే ఏదో అయిపోతుందని భయపెట్టను. అవసరం లేని దానికి ఎక్కువ డబ్బు పెట్టి ఆ రిస్క్ ఎందుకన్నదే నా మాట.

సింథటిక్ అన్నది దీనికి సంబంధం లేని ఇంకో ప్రశ్న. జీఎల్-4లోనూ సింథటిక్ దొరుకుతుంది. బాటిల్ మీద ‘సింథటిక్’ బంగారు రంగులో పెద్దగా ఉంటుంది, ‘జీఎల్’ వెనకాల చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. మీరు చదవాల్సింది వెనకది.

ఇక మీ ముందున్న దారులు.

ఏమీ చేయకుండా ఇలాగే నడపొచ్చు. ముందు పెద్దాయన దగ్గరి డబ్బా మీద ఏముందో ఫోటో తీసుకోండి. 80డబ్ల్యు-90 జీఎల్-4 అయితే ప్రమాదమేమీ లేదు, పొద్దున ఇబ్బంది ఒక్కటే. మొదటి రెండు మూడు కిలోమీటర్లు తొందర పెట్టకుండా, న్యూట్రల్‌లో ఒక క్షణం ఆపి రెండోది వేసుకుంటే బండి నడుస్తుంది. కానీ మీకు రోజూ ఆ చికాకు ఉంటుంది, గర్రుమన్న ప్రతిసారీ రింగు కాస్త అరుగుతుంది. డబ్బా మీద 140 (తొంభై కంటే ఇంకా చిక్కటి గ్రేడు) ఉన్నా, జీఎల్-5 ఒక్కటే ఉన్నా, అసలు లేబులే లేకపోయినా ఈ దారి వద్దు.

పుస్తకం చెప్పిన 75డబ్ల్యు-80 జీఎల్-4 పోయించడం రెండో దారి. నేను మీ స్థానంలో ఉంటే ఇదే చేస్తాను. ఇలాంటి కార్లకు రెండు లీటర్లకు కాస్త అటూ ఇటూగా పడుతుంది, కూలితో కలిపి సర్వీస్ సెంటర్ చెప్పిన నలభై వేల పక్కన చిల్లర లెక్క. దీనికి ఇంకో లాభం కూడా ఉంది. మొదటిసారి దించినప్పుడు మూలల్లో మిగిలిన నీటి చెమ్మ ఈసారి బయటికి వచ్చేస్తుంది. ఖర్చు దండగైతే అన్న అనుమానం ఉంటే, అది రాగల సందర్భం ఒక్కటే: తప్పు ఆయిల్‌ది కాక రింగుదే అయినప్పుడు. అప్పుడు కూడా గేర్‌బాక్స్ దించే ముందు ఇది చేసి చూడటం న్యాయమే.

బావగారి బాటిల్ గురించి చెప్పేశాను. ఆయన ఇప్పటికే కొని పంపి ఉంటే వాపసు ఇచ్చేయండి, ఆయన ఇరుసుకు పనికొస్తుంది. నిష్ఠూరం కూడా ఉండదు.

ఇక గేర్‌బాక్స్ దించడం. దానికి ఇప్పుడే తొందర లేదు. వేడెక్కాక సరిగా పడే గేరులో రింగు పూర్తిగా పోయిందని నేను నమ్మను. ఆ సర్వీస్ సెంటర్‌లో కారు చూసింది చల్లగా ఉన్నప్పుడా, కాగాకా అన్నది మీరు రాయలేదు. అసలు నడిపి చూశారా అన్నదీ రాయలేదు.

ఇప్పుడు ఆయిల్ మార్చే పని ఎవరి చేత చేయించాలి? పెద్దాయన చేతే చేయించండి. వేరే చోటికి వెళ్లడమంటే ఆయన్ని కాదనడం, ఆయన చేత చేయించడం అంటే మళ్లీ ఆయన్నే అడగడం. ‘మీరు పోసింది తప్పట’ అని మొదలుపెడితే లారీల కథ మళ్లీ మొదటికొస్తుంది. ఆయిల్ మీరే బిల్లుతో కొని, పుస్తకం చేత్తో పట్టుకుని వెళ్లి, ‘నీళ్ల చెమ్మ ఇంకా మిగిలిందేమో, ఇంకోసారి దించుదాం మామయ్యా, ఈసారి కంపెనీ రాసింది పోసి చూద్దాం’ అనండి. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు, ఆయన గౌరవానికీ లోటు లేదు. ఈసారి కూలి మాత్రం ఇచ్చి రండి. డబ్బు ఇవ్వని పనిలో ‘ఇది కాదు, అది పోయండి’ అనడం ఎవరికైనా కష్టమే.

లూజు ఆయిల్ వద్దు. డ్రమ్ములోంచి వంపి ఇచ్చేదాంట్లో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. సీలు, బ్యాచ్ నంబరు చూసి కొనండి. మీ కంపెనీ కార్ల స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో సొంత పేరుతో అమ్మే గేర్ ఆయిల్ దొరికితే మరీ మంచిది.

పని జరిగేటప్పుడు మీరు పక్కనే ఉండండి. బండి కాస్త నడిపి వేడిగా ఉన్నప్పుడు, చదునైన చోట నిలపాలి. కింది బోల్టు విప్పే ముందు పక్కనున్న నింపే బోల్టు విప్పించండి. అనుభవజ్ఞులు కూడా తొందరలో ఇది మరిచిపోతారు. ఉన్న ఆయిల్ అంతా దించాక నింపే బోల్టు తుప్పుపట్టి రానంటే, కారు అక్కడే ఉండిపోతుంది.

కింది బోల్టుకు అయస్కాంతం ఉంటే దాని మొన చూడండి. దాని మీద బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే కాటుకలా అంటుకుంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. గరుకుగా గుచ్చుకునే రేకులు, పంటి ముక్కలు కనిపిస్తే మాత్రం లోపల ఏదో విరిగినట్టే. తర్వాత పళ్లెంలోని ఆయిల్‌ను ఎండలోకి తెచ్చి వంచి చూడండి. బంగారు పొడి కలిపినట్టు మెరుస్తుంటే అది ఇత్తడి, మీ రింగులది. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కాబట్టి బోల్టు మీద కనిపించదు, ఆయిల్‌లోనే వెతకాలి. మళ్లీ పాల రంగు కనిపిస్తే చెమ్మ మిగిలే ఉందన్నమాట. ఓ వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి మార్చడం మేలు, ఆ గాలి గొట్టం ఊడిందేమో కూడా చూడమనండి. బోల్టుల వాషర్లు కొత్తవి వేయించి, నింపే రంధ్రం అంచు నుంచి ఆయిల్ సన్నగా కారేదాకా పోయించండి. అదే లెవెల్.

ఇది చదువుతున్న మిగతావాళ్లకు ఒక మాట. 75డబ్ల్యు-80 జీఎల్-4 అన్ని కార్లకూ మందు కాదు. హోండా మాన్యువల్ గేర్‌బాక్సులకు ఆ కంపెనీ సొంత ఎంటీఎఫ్ (మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్) ఉంది. కొన్ని మాన్యువల్ గేర్‌బాక్సులకు ఏకంగా ఆటోమేటిక్ బండ్ల పలచటి ఆయిల్ ఏటీఎఫ్‌నే పోయమంటారు, అందులో తొంభై పోస్తే గేరు కదలడమే కష్టం. మీ పుస్తకం పోయి ఉంటే కంపెనీ వెబ్‌సైట్లో మోడలూ సంవత్సరమూ కొట్టి తెచ్చుకోండి. పక్కింటి కారును చూసి పోయకండి.

మళ్లీ మీ దగ్గరికి వస్తే, కొత్త ఆయిల్‌తో వారం పది రోజులు మామూలుగా నడపండి. రెండో రోజున కారు కింద ఒక అట్ట పరిచి పొద్దున చుక్కలు పడ్డాయేమో చూడండి. పొద్దున రెండో గేరు తేలిగ్గా పడితే మీ సమస్య తీరినట్టే. ఆయిల్ మార్చాక కూడా, టంగుటూరు దగ్గర కాగిన బండిలో సైతం రెండోది గర్రుమనడం మొదలైతే, లేదా క్లచ్ వదలగానే గేర్‌బాక్స్‌లోంచి సన్నగా ఊళ వినిపిస్తే, అప్పుడు దించక తప్పదు. సర్వీస్ సెంటర్‌తో పాటు ఒంగోలులో గేర్‌బాక్స్ పనులే చేసే ఇంకో చోట కూడా ఎస్టిమేట్ రాయించుకోండి. అందులో రింగులు ఎన్ని, బేరింగులు ఏవి, సీళ్లు, క్లచ్ ప్లేటు కలిపారా లేదా అన్నది విడివిడిగా రాయమనండి. క్లచ్ ప్లేటు ఎలాగూ సగం అరిగి ఉంటే అదే కూలిలో మార్పించుకోవచ్చు. విప్పిన పాత రింగులు మీ చేతికి ఇవ్వాలని ముందే చెప్పండి.